లాగుతుంది సరే, మోయగలదా?

పికప్ తొట్టిలో ఆఫ్‌రోడ్ బండి, దాని వెనక ఇల్లులాంటి ట్రైలర్. అమెరికన్ల సెలవు సరదా వెనక ప్రకటనలు చెప్పని బరువు లెక్క ఒకటుంది. ఆ లెక్క ఇప్పుడు మన రోడ్ల మీదికీ వస్తోంది.

థ్యాంక్స్‌గివింగ్ సెలవులు దగ్గరపడితే చాలు, దక్షిణ కాలిఫోర్నియాలోని ఇంటర్‌స్టేట్ 8 రహదారి తిరునాళ్ల బాట అయిపోతుంది. శాన్‌డియాగో నుంచి తూర్పుకు సాగే ఆ దారిలో ఎటు చూసినా పికప్ ట్రక్కులే. ట్రక్కు తొట్టిలో నాలుగు లావుపాటి టైర్ల మోటారు బండి, దాని వెనక పడక గది, వంటగది సహా సమస్తం ఇమిడిన ట్రైలర్, లోపల తల్లీతండ్రీ పిల్లలూ, వీలైతే ఒక కుక్క. వీళ్లందరి గమ్యం దాదాపు 240 కిలోమీటర్ల దూరంలోని గ్లామిస్. అక్కడ 60 కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఇంపీరియల్ ఇసుక దిబ్బల్లో ఈ సెలవుల వారంలో లక్షకు పైగా జనం చేరతారు. రోజంతా దిబ్బలెక్కి దిగడం, రాత్రి నెగళ్లు వేసుకుని కూర్చోవడం, ఆదివారం ఇంటిముఖం పట్టడం. ఇదీ వరస.

ఇంటిముఖం పట్టడంలోనే అసలు పరీక్ష ఉంది. సముద్రమట్టానికి కూడా దిగువనున్న ఇంపీరియల్ లోయ నుంచి ఆ రహదారి 1,200 మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. ఇన్‌కోపా లోయ పక్కగా సాగే ఆ ఎత్తు మీద ఇంజన్లు వేడెక్కి ఆగిపోతాయని ప్రభుత్వమే దారి పక్కన రేడియేటర్లకు నీళ్లు అందుబాటులో ఉంచింది. ఏసీ ఆపుకోమని బోర్డులు పెట్టింది. అయితే ఇంజను వేడెక్కడం కంటికి కనబడే ప్రమాదం. కనబడనిది వేరే ఉంది. అది ట్రక్కు వెనక ఇరుసు మీద, టైర్ల మీద, ఈ రెంటినీ కలిపే కొక్కెం మీద ఉంది.

అమెరికాలో పికప్ అమ్మేవాళ్లు గొప్పగా చెప్పే అంకె ఒకటే: ఎంత లాగుతుంది? ఫోర్డ్ ఎఫ్-150 పికప్ 2021 మోడల్ 14,000 పౌండ్లు, అంటే 6,350 కిలోలు లాగగలదని కంపెనీ చాటింది. ఏనుగును కట్టినా ఈడ్చుకుపోతుందన్నమాట. నిజమే. కానీ అదే ట్రక్కు డ్రైవరు తలుపు తీస్తే, పక్క స్తంభం మీద అరచేయంత తెలుపు పసుపు స్టికరు ఒకటి కనిపిస్తుంది. ఈ వాహనంలో ఎక్కే మనుషులు, సామాను కలిపి ఇన్ని కిలోలు దాటకూడదని దాని సారాంశం. ఆ అంకె చాలా మామూలు కుటుంబ పికప్‌లలో 700, 800 కిలోల దగ్గర తిరుగుతుంటుంది. లాగే శక్తికీ మోసే శక్తికీ మధ్య ఇంత అగాధం ఉందని కొనేవాళ్లలో ఎక్కువమందికి తెలియదు. అమ్మేవాళ్లకు చెప్పాలన్న ఆసక్తి ఉండదు.

ఒక మామూలు కుటుంబం లెక్కే చూద్దాం. స్టికరు మీద 725 కిలోలని రాసి ఉందనుకోండి. నలుగురు మనుషులు 270 కిలోలు. తొట్టిలో ఎక్కించిన నాలుగు చక్రాల ఏటీవీ, ట్యాంకులో పెట్రోలుతో కలిపి 320 కిలోలు. ర్యాంపులు, మంచుపెట్టె, పెట్రోలు డబ్బా, పనిముట్లు, కొక్కెం సామగ్రి 70 కిలోలు. ఇక్కడికి 660 అయింది. ఇంకా 65 కిలోలు మిగిలాయి కదా అని ట్రైలర్ తగిలిస్తారు. అది 2,700 కిలోల మధ్యరకం ట్రైలర్. ట్రక్కు లాగగలిగిన దాంట్లో సగం కూడా కాదు. కానీ ట్రైలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు. పదింట ఒక వంతు నుంచి ఏడింట ఒక వంతు దాకా ట్రక్కు కొక్కెం మీద వాలుతుంది, వాలాలి కూడా. 12 శాతం చొప్పున చూస్తే దాదాపు 325 కిలోలు. ఇది లాగే బరువు కాదు, మోసే బరువు. స్టికరు లెక్కలోకే వస్తుంది. మొత్తం 985. హద్దు మీద 260 కిలోలు అదనం. అంటే ఆ ఏటీవీ మీద ఇంకో నలుగురిని కూర్చోబెట్టినట్టు.

కంపెనీ చాటిన 6,350 కిలోల అంకెనే ఈ గీటురాయి మీద పెడితే ఇంకా వింతగా ఉంటుంది. అందులో 12 శాతం 760 కిలోలు. చాలా ట్రక్కుల్లో అంత బరువు కొక్కెం మీద పడితే డ్రైవరు ఎక్కడానికి కూడా చోటు మిగలదు. ఆ గరిష్ఠ శక్తి ప్రత్యేక హంగులతో, తక్కువ సౌకర్యాలతో తయారైన ఏదో ఒక రకానికి వర్తించేది. జనం కొనేది తోలు సీట్లు, పెద్ద టచ్‌స్క్రీన్, పైకప్పు అద్దం ఉన్న రకాన్ని. ఆ అలంకారాల్లో ప్రతి కిలో మోసే శక్తిలోంచి తీసేసుకున్నదే. ఖరీదు పెరిగేకొద్దీ మోసే శక్తి తగ్గడం పికప్ లోకంలో మామూలు.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడ పడుతోందన్నదీ ముఖ్యం. కొక్కెం వెనక ఇరుసుకు నాలుగడుగుల పైచిలుకు వెనక ఉంటుంది. అక్కడ 325 కిలోలు వాలితే తక్కెడ సూత్రం ప్రకారం వెనక ఇరుసు మీద 440 కిలోల దాకా పడుతుంది. ముందు చక్రాల మీద నుంచి 110 కిలోల పైచిలుకు లేచిపోతుంది. లేచిన ముందు చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. స్టీరింగు తేలికవుతుంది. తేలికైంది కదా అని కొత్త డ్రైవరు సంతోషిస్తాడు. బ్రేకు వేసినప్పుడు, తడి రోడ్డు మీద మలుపు తిప్పినప్పుడు తెలుస్తుంది సంగతి. రాత్రిపూట హెడ్‌లైట్లు రోడ్డును వదిలి ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి. ఈ తూకాన్ని సరిచేయడానికి స్ప్రింగు కడ్డీలతో బరువు పంచే కొక్కేలు వచ్చాయి. అవి కొంత భారాన్ని తిరిగి ముందు చక్రాల మీదికి, ట్రైలర్ చక్రాల మీదికి నెడతాయి. కానీ స్టికరు మీది అంకెను పెంచవు. ఈ తేడా చాలామందికి తలకెక్కదు.

మన పల్లెల్లో ఎద్దుల బండి తోలినవాళ్లకు మాత్రం ఇదంతా కొత్త పాఠం కాదు. బండిలో ముందు బరువు ఎక్కువైతే ఎడ్ల మెడలు కుంగుతాయి. వెనక బరువు ఎక్కువైతే నొగ పైకి లేచి, కాడి మెడ మీద ఆనకుండా పోతుంది. గడ్డిమోపులు వేసేటప్పుడు పెద్దరైతు బండి చుట్టూ తిరుగుతూ ముందుకు రెండు, వెనక్కు ఒకటి అని చెబుతుండేది అందుకే. ట్రైలర్ భౌతికశాస్త్రం కూడా అంతే. ముందు భాగంలో 60 శాతం, వెనక 40 శాతం బరువు ఉండాలని అమెరికాలో ట్రైలర్లు అద్దెకిచ్చే యూ-హాల్ సంస్థ తన ఖాతాదారులకు చెబుతుంటుంది. గంటకు 55 మైళ్లు దాటొద్దని కూడా. చదువులకు వెళ్లిన తెలుగు కుర్రాళ్లలో చాలామందికి ఆ నారింజ రంగు ట్రైలరే తొలి పరిచయం. ఒక ఊళ్లో గది ఖాళీ చేసి ఇంకో ఊరికి పరుపులు, కుర్చీలు చేరవేసేటప్పుడు. సామాను ఎక్కించేటప్పుడు ఏది ముందు పెట్టాలన్న ధ్యాస ఎందరికి ఉంటుందన్నది వేరే సంగతి.

వెనక బరువు ఎక్కువైన ట్రైలర్ మెల్లగా పోతున్నంత సేపూ బుద్ధిగానే ఉంటుంది. ఒక వేగం దాటాక ఏ లారీ గాలో తగిలితే తోక ఊపడం మొదలుపెడుతుంది. ఒక ఊపు తర్వాత రెండోది పెద్దదవుతుంది, మూడోది ఇంకా పెద్దది. భయపడి బ్రేకు తొక్కితే ట్రైలర్ ట్రక్కును నెట్టి అడ్డం తిప్పుతుంది. అనుభవజ్ఞులు చెప్పే ఉపాయం: యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయడం, స్టీరింగు తిన్నగా పట్టుకోవడం, ట్రైలర్ బ్రేకును మాత్రమే చేత్తో మెల్లగా వేయడం. వినడానికి సులువే. ట్రక్కు అప్పటికే వెనక కుంగి, ముందు చక్రాల పట్టు తగ్గి ఉంటే ఆ ఉపాయమూ సరిగా పారదు. తొట్టిలోని ఏటీవీ ఇక్కడే కీడు చేస్తుంది. ట్రైలర్‌ను ఊపేది అది కాదు. ఊపును తట్టుకోవాల్సిన ట్రక్కును నీరసపరిచేది అది.

ఇంతకీ అంత బరువైన బండిని తొట్టిలో ఎక్కించుకుపోవడం ఎందుకు, నడుపుకుంటూ పోవచ్చు కదా అని మనకు అనిపిస్తుంది. పోకూడదు. ఆఫ్‌రోడ్ వాహనాలకు మామూలు రహదారుల మీద అనుమతి ఉండదు. కొన్ని రాష్ట్రాల్లో చిన్న ఊళ్ల వీధుల్లో తిరగనిస్తారు గానీ హైవే ఎక్కనివ్వరు. నడుపుకోవడానికి వీలైన నేలలేమో ఊళ్లకు ఎక్కడో దూరంగా ఉంటాయి. అవి చాలావరకు పశ్చిమ రాష్ట్రాల్లోని ఫెడరల్ ప్రభుత్వ భూములు. హోండా సంస్థ 1970లో మూడు చక్రాల బెలూన్ టైర్ల బండిని అమెరికాలో దించాక ఎడారుల మీద దాడి మొదలైంది. అధ్యక్షుడు నిక్సన్ 1972లో ఒక ఉత్తర్వు ద్వారా ప్రభుత్వ భూముల్లో ఏ దారులు వీటికి తెరవాలో, ఏవి మూయాలో తేల్చమని శాఖలను ఆదేశించారు. కార్టర్ 1977లో దాన్ని ఇంకాస్త బిగించారు. బండ్ల స్వేచ్ఛకు, ఎడారి తాబేళ్ల మనుగడకు మధ్య పేచీ అప్పటినుంచీ సాగుతూనే ఉంది. తేలికగా బోల్తాపడే మూడు చక్రాల బండ్ల అమ్మకం 1988లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందంతో ఆగింది. నాలుగు చక్రాలవి నిలిచాయి. ఆఫ్‌రోడ్ బండ్ల ప్రమాదాల్లో ఏటా 700 మందికి పైగా చనిపోతున్నారని, సుమారు లక్ష మంది ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు వెళుతున్నారని అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ చెబుతోంది. నడిపేటప్పుడు జరిగేవే వీటిలో అత్యధికం. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు విరిగే నడుములు కూడా తక్కువేం కాదు.

ఎక్కించడం గురించి రెండు మాటలు చెప్పాలి. ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ తొట్టి నేలకు మూడడుగుల ఎత్తులో ఉంటుంది. అల్యూమినియం ర్యాంపులు ఆనించి, ఏటీవీ మీద కూర్చుని జోరుగా ఎక్కించడం కుర్రాళ్ల ముచ్చట. ముందు చక్రాలు తొట్టి అంచు తాకగానే వెనక చక్రాలు ర్యాంపులను వెనక్కి తన్నేస్తాయి. 320 కిలోల యంత్రం వెల్లకిలా మనిషి మీద పడుతుంది. ర్యాంపులను గొలుసుతోనో బెల్టుతోనో ట్రక్కుకు కట్టేయడం, వించి ఉంటే మనిషి ఎక్కకుండా తాడుతో లాగించడం మేలు. ఎక్కించాక నాలుగు మూలలా రాట్చెట్ బెల్టులు బిగించాలి. యాభై మైళ్లు పోయాక ఆగి మళ్లీ బిగించాలి.

అసలు చిక్కు తొట్టి పొడవుతో వస్తుంది. ఇప్పటి కుటుంబ పికప్‌లలో నాలుగు తలుపుల క్యాబిన్ పెరిగి తొట్టి కురచబడింది. అయిదున్నర అడుగుల తొట్టిలో ఏడడుగుల ఏటీవీ పట్టదు. వెనక తలుపు దించి ఉంచాల్సిందే. దించిన తలుపు రెండడుగుల మేర వెనక్కి పొడుచుకొస్తుంది. సరిగ్గా అక్కడే ట్రైలర్ ముందు భాగం, దాని జాకీ, గ్యాస్ సిలిండర్లు ఉంటాయి. తిన్నగా పోతున్నప్పుడు ఏమీ కాదు. పెట్రోలు బంకులోకి గట్టిగా మలుపు తిప్పితే ట్రైలర్ మూల వచ్చి తలుపుకు, లేదా ఏటీవీ వెనక చక్రానికి తగులుతుంది. దీనికి విరుగుడుగా కొక్కేన్ని పొడిగించే గొట్టం ఒకటి అమ్ముతారు. అది పెట్టగానే తక్కెడ చేయి పొడవై వెనక ఇరుసు మీద భారం పెరుగుతుంది. కొక్కెం తట్టుకునే బరువు తగ్గుతుంది. రెండు సీట్లు పక్కపక్కన ఉండే పెద్ద ఆఫ్‌రోడ్ బండ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వాటి వెడల్పు అయిదడుగులు దాటుతుంది. తొట్టిలో చక్రాల గూళ్ల మధ్య ఉండే ఖాళీ నాలుగడుగుల మూడంగుళాలే. వాటి కోసం తొట్టి గోడల పైన ఇనుప అటక కట్టించుకునేవాళ్లున్నారు. అరటన్నుకు పైగా బరువు అంత ఎత్తున కూర్చుంటే మలుపులో ట్రక్కు ఏ పక్కకు ఒరుగుతుందో ఊహించుకోవచ్చు.

తెలివైన దారి బండిని ట్రైలర్‌లోకి మార్చడం. వెనక సగం గ్యారేజీగా ఉండే ‘టాయ్ హాలర్’ ట్రైలర్లు ఇందుకోసమే వచ్చాయి. వాటికీ ఒక మెలిక ఉంది. వెనక గ్యారేజీలో బండి ఎక్కితే కొక్కెం మీద భారం తగ్గుతుంది, దించితే పెరుగుతుంది. వెళ్లేటప్పుడు ఒక తూకం, అక్కడ బండి అమ్మేసి ఖాళీగా తిరిగొస్తే ఇంకో తూకం. రెంటినీ కాటా మీద చూసుకోవాలి. అమెరికన్ హైవేల పక్కన లారీలు ఆగే చోట్ల క్యాట్ స్కేల్ అనే కాటాలు వందల సంఖ్యలో ఉన్నాయి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు ఏవి ఎంత బరువు మోస్తున్నాయో విడివిడిగా చీటీ ఇస్తాయి. కొద్దిపాటి డాలర్లతో పోయే పని. లారీ డ్రైవర్లు తప్పకుండా చేసే ఈ పనిని సెలవులకెళ్లే కుటుంబాలు చేయడం అరుదు.

ఆ తలుపు స్టికరు వెనక ఒక చరిత్ర ఉంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించింది. అవి ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు బిగించినవి. తక్కువ గాలి, ఎక్కువ బరువు, దక్షిణ రాష్ట్రాల ఎండ కలిసి పరుగులోనే టైర్ల పైపొర ఊడిపోవడం, బండి పల్టీ కొట్టడం. 250 మందికి పైగా చనిపోయారు. తప్పు టైరుదని ఫోర్డ్, వాహనానిదని ఫైర్‌స్టోన్ కాంగ్రెస్ విచారణల్లో పరస్పరం వేలెత్తి చూపుకున్నాయి. వందేళ్ల స్నేహం తెగిపోయింది. అదే ఏడాది నవంబరు 1న క్లింటన్ సంతకంతో ట్రెడ్ చట్టం వచ్చింది. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మోయవచ్చో ఒకే అంకెలో, మామూలు మాటల్లో డ్రైవరు కంటికి కనబడేలా రాయాలన్న నిబంధన దాని ఫలితమే. ప్రాణాలు పోయాక వచ్చిన స్టికరు అది. దాన్ని చదవకుండా ట్రక్కు ఎక్కేవాళ్ల సంఖ్య మాత్రం తగ్గలేదు.

మోసే అంకెకు చట్టం ఉంది గానీ లాగే అంకెకు చాలాకాలం ఏ ప్రమాణమూ లేదు. ఏ కంపెనీకి తోచిన అంకె అది వేసుకునేది. పోటీదారు వంద పౌండ్లు పెంచితే వీళ్లు రెండొందలు పెంచేవాళ్లు. ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం 2008లో జె2807 పేరుతో ఉమ్మడి పరీక్ష రూపొందించింది. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 18 కిలోమీటర్ల ఎగువ దారి ఉంది. కొలిమిలాంటి ఎండలో, ఏసీ పూర్తిగా వేసుకుని, ట్రైలర్ లాగుతూ గంటకు 40 మైళ్లకు తగ్గకుండా మామూలు పికప్ దాన్ని ఎక్కాలి. టయోటా ముందుగా ఒప్పుకుంది. ఒప్పుకుంటే తమ అంకెలు తగ్గుతాయని డెట్రాయిట్ దిగ్గజాలు ‘మీరు ముందు, మీరు ముందు’ అంటూ ఏళ్ల తరబడి నాన్చి 2015 మోడళ్ల నాటికి దారికొచ్చాయి. పరీక్ష మంచిదే. కానీ అందులో ట్రక్కులో ఉండేది 68 కిలోల మనుషులు ఇద్దరే. పిల్లలు లేరు, కుక్క లేదు, తొట్టిలో ఏటీవీ అసలే లేదు. గ్లామిస్ దారిలో కనిపించే కుటుంబం ఆ పరీక్షలో ఎక్కడా లేదు.

ఇంత బరువు నడిపేవాళ్లకు శిక్షణ ఉందా అంటే, అదీ అంతంతమాత్రమే. ట్రక్కు, ట్రైలర్ కలిపి 26,000 పౌండ్లు, అంటే దాదాపు 11,800 కిలోలు దాటనంతవరకు చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సే చాలు. పదహారేళ్లకు చిన్న కారు మీద పరీక్ష పాసైనవాళ్లు మర్నాడే ఏనుగంత బరువును వెనక కట్టుకుని బయల్దేరవచ్చు. ట్రైలర్ వెనక ఇంకో ట్రైలర్ కట్టి పడవనూ తీసుకెళ్లడం కొన్ని రాష్ట్రాల్లో చట్టసమ్మతం, సరిహద్దు దాటితే నేరం. కాలిఫోర్నియా ట్రైలర్ లాగే వాహనాలన్నిటికీ 55 మైళ్ల వేగ పరిమితి పెట్టింది. పక్క రాష్ట్రాల్లో చాలాచోట్ల అలాంటి ప్రత్యేక పరిమితి లేదు. ట్రైలర్లకు వేరే పరీక్ష పెట్టిన బ్రిటన్ సైతం 2021 డిసెంబరులో దాన్ని ఎత్తేసింది. లారీ డ్రైవర్ల కొరత తీర్చడానికి పరీక్షకులను అటు మళ్లించడం కోసం ఆ పని చేసింది. రోడ్డు భద్రత అనేది ఓట్లు రాల్చే అంశం కాదని రాజకీయ నాయకులకు అన్ని దేశాల్లోనూ తెలుసు.

ఈ కథలో భారతీయ పాత్ర ఒకటుంది. అమెరికాకు పికప్‌లు అమ్మాలని మహీంద్రా కంపెనీ 2000ల ద్వితీయార్ధంలో గట్టి ప్రయత్నమే చేసింది. డీలర్లను కూడా చూసుకున్నారు. బండి మాత్రం షోరూమ్‌ల దాకా రాలేదు, గొడవ కోర్టుల దాకా వెళ్లింది. ఆ మార్కెట్‌కు కాపలాగా 1964 నాటి 25 శాతం దిగుమతి సుంకం ఉండనే ఉంది. యూరప్ దేశాలు అమెరికన్ కోడిమాంసం మీద పన్ను వేసినందుకు ప్రతీకారంగా జాన్సన్ ప్రభుత్వం అమల్లోకి తెచ్చిన సుంకం అది. కోళ్ల తగవులో పుట్టిన పన్ను నీడలోనే డెట్రాయిట్ పికప్ దశాబ్దాల పాటు బలిసింది. బరువైన వాహనాలు కొనే వ్యాపారులకు ఆదాయపు పన్నులో దొరికే మినహాయింపు దానికి తోడైంది.

ముందు తలుపు తెరుచుకోకపోతే మహీంద్రా పక్క తలుపు తట్టింది. 2018లో మిషిగన్ రాష్ట్రంలోని ఆబర్న్‌హిల్స్‌లో రాక్సార్ పేరుతో డీజిల్ ఆఫ్‌రోడ్ బండిని తయారుచేయడం మొదలుపెట్టింది. చూడ్డానికి మన పాత జీపే. రోడ్డెక్కే హక్కు లేదు కాబట్టి కార్ల భద్రతా నిబంధనలు వర్తించలేదు. మొదట్లో దాని గరిష్ఠ వేగం గంటకు 45 మైళ్లు. బరువు సుమారు 1,370 కిలోలు. అంటే దాన్ని ఏ మామూలు పికప్ తొట్టిలోనూ ఎక్కించలేరు, ట్రైలర్ మీదే తీసుకుపోవాలి. మనదేశంలో పెళ్లిళ్లకూ పొలాలకూ తిరిగిన జీపును అక్కడ పల్లకీలో మోసుకెళ్లాల్సి వచ్చింది. అది తమ జీపును కాపీ కొట్టిందని ఫియట్ క్రిస్లర్ అదే ఏడాది అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కెక్కింది. మహీంద్రా 1940ల చివర్లోనే విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి మనదేశంలో బిగించిన సంస్థ. ఆ బంధుత్వం పెద్దగా అక్కరకు రాలేదు. 2020 జూన్‌లో కమిషన్ క్రిస్లర్ పక్షాన తీర్పిచ్చింది. ముక్కు మార్చుకున్న కొత్త రాక్సార్‌కు అదే ఏడాది డిసెంబరులో అనుమతి దొరికింది. దీనికి తిరగేసిన ముచ్చట మన దగ్గర జరిగింది. అమెరికన్ కంపెనీ పొలారిస్ తన ఏటీవీని మన రోడ్ల మీద తిప్పడానికి ట్రాక్టరుగా ధ్రువీకరణ తెచ్చుకుంది. అక్కడ మన జీపు బొమ్మ బండి, ఇక్కడ వాళ్ల బొమ్మ బండి ట్రాక్టరు.

మనకు ట్రైలర్ అంటే సెలవులు గుర్తురావు. ట్రాక్టరు ట్రక్కు గుర్తొస్తుంది. మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ ప్రకారం దాన్ని విడిగా రిజిస్టర్ చేయించాలి. వెనక లైట్లుండాలి. చాలావాటికి లైట్లు కాదుగదా, బ్రేకులే ఉండవు. మిర్చి బస్తాలకు, ఇసుకకు, పెళ్లి బృందాలకు, కూలీలకు అదే వాహనం. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలతో వెళుతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ మహిళలే. అమెరికాలో అధిక బరువు సరదా కోసం ఎక్కించుకునేది. మన దగ్గర కూలి కోసం ఎక్కేది.

అయితే వాళ్ల తరహా సరదా ఇక్కడా మొలకెత్తుతోంది. గోవాలో 2014 నుంచి జరుగుతున్న రెయిన్‌ఫారెస్ట్ చాలెంజ్ లాంటి ఆఫ్‌రోడ్ పోటీలు దానికి ఊపిచ్చాయి. పాత జిప్సీలకు, థార్‌లకు పెద్ద టైర్లు, ఇనుప పంజరాలు, వించిలు బిగించి బురదలో దించుతారు. కంపెనీ ఇచ్చిన రూపం మార్చిన వాహనం రోడ్డెక్కకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అంటే పోటీదాకా వాటిని దేనిమీదో ఎక్కించుకుపోవాల్సిందే. ఇప్పటికి ఎక్కువమంది లారీలు మాట్లాడుకుంటున్నారు. సొంత పికప్ ఉంటే అన్న ఆలోచన ఆ తర్వాత వచ్చేదే. పికప్‌లేమో దగ్గర్లోనే తయారవుతున్నాయి. ఇసుజు కంపెనీ శ్రీసిటీ ఫ్యాక్టరీ నుంచి 2016లో వి-క్రాస్ వచ్చింది. టయోటా హైలక్స్ 2022లో వచ్చింది. జహీరాబాద్‌లో మహీంద్రా సరుకు రవాణా పికప్‌లు తయారుచేస్తోంది.

చట్టం మాత్రం లారీని దృష్టిలో పెట్టుకునే మాట్లాడుతోంది. 2019 సెప్టెంబరు నుంచి అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2,000 రూపాయల చొప్పున విధిస్తున్నారు. తేలికపాటి వాహనాల లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. ఆటో, ట్యాక్సీ డ్రైవర్ల బతుకుతెరువు కోణంలో అది సబబైన తీర్పే. కారు వెనక ట్రైలర్ కట్టే మనిషికి ఏం తెలిసుండాలన్నది ఆ వ్యాజ్యంలో ప్రశ్నే కాదు.

అమెరికా తరహా తలుపు స్టికరు మన పికప్‌లకు లేదు. టైర్లలో గాలి ఎంతుండాలో చెప్పే చీటీ ఉంటుంది. కొనేముందు చూడాల్సినవి రెండే అంకెలు. వాహన పత్రాల్లో ఉండే ఖాళీ బరువు ఒకటి, కంపెనీ పుస్తకంలో రాసే గరిష్ఠ మొత్తం బరువు రెండోది. రెండో దాంట్లోంచి మొదటిది, ఎక్కబోయే మనుషుల బరువు తీసేస్తే మిగిలింది సామానుకు, కొక్కేనికి. తర్వాత బిగించే ఇనుప బంపర్లు, పైన లైట్ల చట్రం, తొట్టి మూత కూడా ఆ మిగిలిన దాంట్లోంచే పోతాయి. షోరూమ్‌లో అడిగితే అశ్వశక్తి, టార్కు, టచ్‌స్క్రీన్ సైజు తడుముకోకుండా చెబుతారు. ఈ రెండో అంకె కోసం లోపలికి వెళ్లి పుస్తకం వెతకాల్సి వస్తుంది. బయటికొచ్చాక నిజం తేల్చుకోవాలంటే బియ్యం మిల్లుల దగ్గరో, ఇసుక రేవు దారిలోనో వే బ్రిడ్జి ఉంటుంది. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, మొత్తం ఎక్కించి ఒకసారి తూయమనాలి. కాటా మనిషి వింతగా చూస్తాడు గానీ చీటీ ఇస్తాడు.